మన ఫ్లాట్, మన పార్కింగ్ స్థలం, అయినా పార్కింగ్ చార్జీ: ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక ఆదివారం పొద్దున పాపను స్విమ్మింగ్ క్లాసుకు తీసుకెళ్దామని కిందికి దిగితే, మా కారు అద్దానికి పసుపుపచ్చ ప్లాస్టిక్ కవరు అంటించి ఉంది. లోపల 100 పౌండ్లు కట్టమని కాగితం. కారు ఉన్నది మా స్థలంలోనే. నేల మీద తెల్ల పెయింటుతో రాసిన 27 నంబరు కారు ముందు స్పష్టంగా కనబడుతూనే ఉంది. జరిగిందల్లా ఏమిటంటే, నవంబరు చెమ్మకు పార్కింగ్ పర్మిట్ జిగురు ఊడి, కాగితం డాష్‌బోర్డు మీద బోర్లా పడింది. మావారు వెంటనే అన్న మాట: "కట్టేద్దాం, వీసా ఎక్స్‌టెన్షన్ ఉంది, ఎందుకొచ్చిన టెన్షన్." మేం కట్టలేదు. మూడో ఉత్తరానికి అది రద్దయింది. అప్పటి నుంచి తెలిసినవాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి. నేను లాయరును కాను. కోర్టు దాకా వచ్చిన విషయమైతే ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థను గానీ, లాయరును గానీ తప్పకుండా కలవండి. ఇక్కడ రాసినవి ఇంగ్లండ్, వేల్స్‌కు వర్తిస్తాయి.

ఇది ఫైనా? పోలీసు రికార్డులోకి ఎక్కుతుందా?

కాదు, ఎక్కదు. కౌన్సిల్ ఇచ్చేది పెనాల్టీ చార్జ్ నోటీసు. దాని వెనక చట్టమిచ్చిన అధికారం ఉంది. ప్రైవేటు కంపెనీ ఇచ్చేది పార్కింగ్ చార్జ్ నోటీసు. రెండింటినీ పీసీఎన్ అనే అంటారు, చూడ్డానికీ దాదాపు ఒకేలా ఉంటాయి. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది. ప్రైవేటు కంపెనీ చెప్పేది ఇంతే: "మా బోర్డు మీద షరతులున్నాయి, మీరు ఇక్కడ కారు ఆపారు కాబట్టి వాటికి ఒప్పుకున్నట్టే, వాటిని తప్పారు కాబట్టి ఇంత ఇవ్వండి." అంటే అది వాళ్లు పంపిన బిల్లు. ఇవ్వాలో లేదో చివరికి తేల్చేది సివిల్ కోర్టు.

నా స్థలంలో నా కారు పెట్టుకుంటే అడగడానికి వాళ్లెవరు?

సరిగ్గా అడగాల్సిన ప్రశ్న ఇదే. జవాబు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

హైదరాబాద్‌లో ఫ్లాట్ కొంటే సేల్ డీడ్ మన పేరున వస్తుంది, భూమిలో అవిభాజ్య వాటా వస్తుంది. ఇంగ్లండ్‌లో అలా కాదు. ఇక్కడ ఫ్లాట్ "కొన్నా" మన చేతికి వచ్చేది దాదాపు ఎప్పుడూ లీజే: 99 ఏళ్లకో, 125 ఏళ్లకో, 999 ఏళ్లకో. భూమి ఫ్రీహోల్డర్‌ది, అంటే అసలు యజమానిది. ఆయన తరఫున భవనాన్ని చూసుకునేది మేనేజింగ్ ఏజెంట్. బయటివాళ్ల కార్లు రాకుండా చూడమని ఆ ఏజెంట్ ఒక పార్కింగ్ కంపెనీని పెట్టుకుంటాడు. ఆ కంపెనీ స్తంభాలకు బోర్డులు బిగించి, పర్మిట్లు పంచి, ఆ తర్వాత నుంచి కనబడిన ప్రతి కారుకూ నోటీసులు అంటిస్తుంది. చాలాచోట్ల బయటివాళ్ల కంటే అక్కడ ఉంటున్నవాళ్లే ఎక్కువగా దొరికిపోతారు, ఎందుకంటే రోజూ అక్కడ ఉండేవి వాళ్ల కార్లే.

ఇప్పుడు అసలు విషయం. మీ లీజులో "27వ నంబరు పార్కింగ్ స్థలాన్ని వాడుకునే హక్కు" అని రాసి ఉంటే, ఆ హక్కును ఫ్రీహోల్డర్ మీకు ఎప్పుడో ఇచ్చేశాడు. ఇచ్చేసినదాన్ని పార్కింగ్ కంపెనీ ద్వారా మళ్లీ మీకే షరతులతో ఇవ్వడం కుదరదు. ఒప్పందం అంటే అవతలివాళ్లు మనకు ఏదో ఒకటి ఇవ్వాలి. బోర్డు పెట్టినవాళ్లు మీకు కొత్తగా ఇచ్చిందేమీ లేదు. లీజు అనేది ఇద్దరి మధ్య ఒప్పందం, ఒక పక్షం తనంతట తాను దాన్ని మార్చలేదు. భవనంలోని లీజులన్నిటినీ మార్చాలంటే 1987 నాటి లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం సెక్షన్ 37 కింద ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తొమ్మిది లేదా అంతకంటే ఎక్కువ లీజులుంటే కనీసం 75 శాతం ఒప్పుకోవాలి, 10 శాతం కంటే ఎక్కువమంది వద్దనకూడదు. ఒక స్తంభానికి బోర్డు కొట్టి ఆ పని చేసేశామంటే చెల్లదు.

అంటే మీ హక్కు పుట్టేది లీజు నుంచి. పర్మిట్ కేవలం గుర్తింపు కాగితం. మీ లీజులో "పర్మిట్ పెట్టాలి" అన్న షరతు లేకపోతే, అది పెట్టకపోవడం మీ హక్కును తీసెయ్యదు.

మేం కొనుక్కోలేదు, అద్దెకుంటున్నాం. మాకూ ఇది వర్తిస్తుందా?

వర్తిస్తుంది, కాకపోతే మీ హక్కు మీ ఓనరు హక్కు ద్వారా వస్తుంది. లీజు ప్రకారం ఓనరుకు ఉన్న హక్కును అద్దె ఒప్పందం ద్వారా మీకు ఇచ్చాడు. అందుకని రెండు కాగితాలు కావాలి: మీ అద్దె ఒప్పందం, ఓనరు లీజు. అద్దె ఒప్పందంలో మొదటి పేజీలోనే, చిరునామా రాసేచోట, "పార్కింగ్ స్థలంతో సహా" అన్న ముక్క ఉందేమో చూడండి. మాకు అక్కడే దొరికింది. లేకపోతే లెటింగ్ ఏజెంట్ ఇచ్చిన ప్రకటన, "పార్కింగ్ ఉంది" అని పంపిన మెయిల్, తాళాలిచ్చిన రోజు ఇచ్చిన కాగితాలు, అన్నీ తీసి పెట్టుకోండి. ఓనరు దగ్గర నుంచి రెండు లైన్ల ఉత్తరం తెచ్చుకోగలిగితే ఇంకా మంచిది.

లీజు కాపీ ఎక్కడ దొరుకుతుంది? అందులో ఏం వెతకాలి?

ముందు ఓనరును అడగండి. ఇవ్వకపోతే హెచ్‌ఎం లాండ్ రిజిస్ట్రీ (ప్రభుత్వ భూ రికార్డుల సంస్థ) దగ్గర కొన్ని పౌండ్ల రుసుముతో ఎవరైనా తెప్పించుకోవచ్చు. రుసుము తీసుకుని లీజు వెతికి పెడతామనే ప్రైవేటు సైట్లు బోలెడున్నాయి, ప్రభుత్వ సైటులోకే వెళ్లండి. లీజు నలభై యాభై పేజీలుంటుంది, భయపడకండి. "పార్కింగ్ స్థలం" నిర్వచనం మొదట్లో ఉంటుంది. మీకిచ్చిన హక్కుల జాబితా వెనక షెడ్యూళ్లలో ఉంటుంది. ప్లాన్‌లో మీ స్థలానికి రంగు వేసి ఉంటే, అది ఫ్లాట్‌తో పాటే మీకు రాసిచ్చిన స్థలం కావచ్చు. అలాంటిదైతే మీ వాదన అన్నిటికంటే బలమైనది.

ఇంకో చోట కూడా వెతకాలి, అది మనకు నచ్చకపోయినా సరే. "ఎస్టేట్ బాగోగుల కోసం ఫ్రీహోల్డర్ ఎప్పటికప్పుడు చేసే సహేతుకమైన నిబంధనలను పాటించాలి" అన్న వాక్యం చాలా లీజుల్లో ఉంటుంది. కంపెనీ లాయర్లు దాన్నే పట్టుకుంటారు. అది ఉన్నంత మాత్రాన ఓడిపోయినట్టు కాదు. ఆ నిబంధన నిజంగా ఫ్రీహోల్డరే చేశాడా? మీకు రాతపూర్వకంగా తెలియజేశారా? మీ సొంత స్థలంలో మీ కారుకే 100 పౌండ్లు వేయడం సహేతుకమా? పర్మిట్ పెట్టమనడం ఒకటి, పెట్టకపోతే మూడో మనిషికి డబ్బు కట్టమనడం వేరు. అయినా ఈ వాక్యం ఉన్నప్పుడు మీ కేసు కొంత బలహీనపడిందని తెలుసుకునే ముందుకెళ్లండి.

పర్మిట్ కింద పడిపోయింది. పొరపాటు మాదే కదా?

పర్మిట్ పడిపోవడం వల్ల ఎవరి చోటూ పోలేదు, ఎవరికీ నష్టం కలగలేదు. కంపెనీవాళ్లు తీసిన ఫొటోలు వాళ్ల సైటులో కనబడతాయి. వాటిని డౌన్‌లోడ్ చేసుకోండి. మా విషయంలో వాళ్ల ఫొటోలోనే 27 నంబరు నిండుగా కనబడుతోంది. కారు మా స్థలంలోనే ఉందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఇప్పుడు కాగితం పర్మిట్ల బదులు కారు నంబరును కంప్యూటరులో ఎక్కించే పద్ధతి వచ్చింది. ఏజెంట్ ఒక్క అక్షరం తప్పు కొట్టినా నోటీసు వచ్చేస్తుంది. అలాంటప్పుడు నమోదు చేయమని మీరు పంపిన మెయిల్ ఉంటే చాలావరకు పని అయిపోతుంది.

విజిటర్ బేలో పెట్టాం. అమ్మానాన్న వచ్చినప్పుడు రెండో కారు అద్దెకు తీసుకున్నాం.

ఇక్కడ నిజం చెప్పాలి: ఇది బలహీనమైన కేసు. విజిటర్ బేల మీద చాలా లీజులు మీకు ప్రత్యేక హక్కు ఇవ్వవు. పక్క ఫ్లాటువాళ్ల స్థలంలో వాళ్లను అడగకుండా పెట్టినా అంతే. అప్పుడు బోర్డు కనబడే చోట ఉందా, నోటీసు సమయానికి వచ్చిందా అన్న వాదనలే మిగులుతాయి.

సామాన్లు దించుకోవడానికి గుమ్మం ముందు పది నిమిషాలు ఆపితే నోటీసు ఇచ్చారు.

దీనికి మంచి తీర్పు ఉంది. జాప్సన్ వర్సెస్ హోమ్‌గార్డ్ సర్వీసెస్, 2016 జూన్, ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు. ఆ ఫ్లాటులో ఉంటున్నావిడ ఫర్నిచర్ దించుకోవడానికి భవనం ముందు కారు ఆపారు. కింది కోర్టు కంపెనీ వైపు చెప్పింది. అప్పీలులో జడ్జి హారిస్ దాన్ని తిప్పేశారు. సామాను దించడానికి కాసేపు ఆపడాన్ని "పార్కింగ్" అనలేమన్నారు. లీజు ద్వారా వచ్చిన హక్కులను పార్కింగ్ కంపెనీ బోర్డు తీసెయ్యలేదన్నారు. కౌంటీ కోర్టు తీర్పు మిగతా జడ్జీలను కట్టిపడేయదు, కానీ అప్పీలు మీద వచ్చింది కాబట్టి దానికి బరువుంది. సొంత స్థలంలో పెట్టుకున్నవాళ్లు కూడా ఈ తీర్పు కాపీని జత చేయొచ్చు.

వాళ్లు బీవిస్ కేసు అంటున్నారు. సుప్రీంకోర్టే వాళ్ల వైపు చెప్పిందట?

చెప్పింది, వేరే పరిస్థితిలో. ఛెమ్స్‌ఫర్డ్‌లో ఒక షాపింగ్ పార్కులో రెండు గంటలు ఉచితం. బీవిస్ 56 నిమిషాలు ఎక్కువ ఉన్నారు. 85 పౌండ్ల చార్జీ చెల్లుతుందని 2015 నవంబరులో తీర్పు వచ్చింది. షాపులకు వచ్చేవాళ్లందరికీ చోటు దొరకాలంటే కార్లు కదులుతూ ఉండాలి, దానికోసం చార్జీ వేయడంలో న్యాయమైన ప్రయోజనం ఉందన్నది అక్కడి తర్కం. మీ స్థలంలో మీ కారు కదలాల్సిన అవసరం ఎవరికుంది? అప్పీలులో ఈ తేడాను మీరే ముందు రాసేయండి.

14 రోజుల్లో కడితే 60 పౌండ్లే అంటున్నారు. కట్టి వదిలించుకుంటే పోదా?

మీ డబ్బు, మీ ఇష్టం. కానీ కట్టారంటే ఆ నోటీసు మీద మీ వాదన అయిపోయినట్టే. రేపు మళ్లీ పర్మిట్ జారిపడితే మళ్లీ 60. మా భవనంలోనే ఒక అక్క ఒకే ఏడాదిలో మూడుసార్లు కట్టింది, మూడుసార్లూ తన సొంత స్థలంలోనే. పిల్లల్ని చూసుకుంటూ, ఇంగ్లిష్ ఉత్తరాలంటే భయపడుతూ, ఎవరినీ అడగలేక కట్టింది. ఆవిడ చెప్పినప్పుడు నాకు చాలా బాధేసింది. ఈ జవాబులన్నీ ఒకచోట రాయడానికి అసలు కారణం ఆవిడే.

మొదట ఎవరికి రాయాలి?

మేనేజింగ్ ఏజెంట్‌కు, ఓనరుకు, ఒకే రోజున. కంపెనీని పెట్టుకున్నవాళ్లు ఒక్క మెయిల్ పెడితే చాలా నోటీసులు అక్కడితో రద్దవుతాయి. "మీరు పెట్టుకున్న కంపెనీ నా లీజు హక్కుకు అడ్డం వస్తోంది, దీన్ని రద్దు చేయించండి" అని రాయండి. బతిమాలే ధోరణి వద్దు. "దయచేసి ఈ ఒక్కసారికి క్షమించండి" అని రాస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. ఫోన్లో మాట్లాడినా, తర్వాత మెయిల్‌లో "ఇవాళ మీరు ఇలా అన్నారు" అని రాసి పంపండి.

ఏజెంట్ "మాకు సంబంధం లేదు, కంపెనీనే అడగండి" అంటాడు. దాదాపు అందరూ ఇదే మాట అంటారు. సంబంధం ఉంది, అతనే కదా పిలిచింది. మళ్లీ రాయండి.

కంపెనీకి అప్పీలులో ఏం రాయాలి? డ్రైవరు ఎవరో చెప్పాలా?

ప్రైవేటు కంపెనీకి డ్రైవరు పేరు చెప్పాలన్న చట్టం లేదు. అబద్ధం మాత్రం ఎప్పుడూ రాయొద్దు. "నేను ఈ కారు రిజిస్టర్డ్ కీపరును" (అంటే కారు ఎవరి పేరున నమోదై ఉందో ఆ మనిషిని) అని మొదలుపెట్టి, "డ్రైవరు" అనే మాటే వాడుతూ రాయొచ్చు. "నేను పార్క్ చేశాను" అని రాస్తే ఒక రక్షణ పోతుంది. ఎందుకంటే డ్రైవరు ఎవరో తెలియనప్పుడు డబ్బు కీపరును అడగాలంటే, 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం షెడ్యూల్ 4లో చెప్పినవన్నీ కంపెనీ పాటించి ఉండాలి. అందులో తేదీలు ముఖ్యం. కెమెరాతో పట్టుకుని, అద్దానికి ఏమీ అంటించకపోతే, 14 రోజుల్లోపు నోటీసు మీ ఇంటికి అందాలి. అద్దానికి అంటించి ఉంటే, పోస్టులో కీపరుకు వచ్చే నోటీసు 29వ రోజు నుంచి 56వ రోజు మధ్యలో అందాలి. కవరు వచ్చిన రోజునే దాని మీద తేదీ రాసుకోండి.

అప్పీలు చిన్నగా ఉండాలి. ఈ స్థలం ఫలానా ఫ్లాట్‌కు చెందినది, ఫలానా క్లాజు ప్రకారం హక్కుంది, ఆ పేజీ జత చేశాను, మీ ఫొటోలోనే స్థలం నంబరు ఉంది, ఈ హక్కును మార్చే అధికారం మీకుందని చూపే కాంట్రాక్టు చూపించండి. అంతే. 28 రోజుల్లోపు పంపండి, పంపినట్టు స్క్రీన్‌షాట్ పెట్టుకోండి.

వాళ్లు తిరస్కరించారు. తర్వాత?

తిరస్కరిస్తారు, ఆశ్చర్యపడకండి. పార్కింగ్ కంపెనీలకు బీపీఏ, ఐపీసీ అని రెండు సంఘాలున్నాయి. కంపెనీ బీపీఏలో సభ్యుడైతే పోప్లా అనే అప్పీలు సంస్థకు, ఐపీసీలో సభ్యుడైతే ఐఏఎస్ అనే అప్పీలు సంస్థకు వెళ్లాలి. ఎక్కడికో ఆ తిరస్కరణ ఉత్తరంలోనే ఉంటుంది. పోప్లాకు 28 రోజుల గడువు, మీకు ఖర్చు లేదు. అక్కడ గెలిస్తే కంపెనీ కట్టుబడాలి, మీరు ఓడినా మీరు కట్టుబడనక్కర్లేదు. నా అభిప్రాయం అడిగితే, పోప్లా అవకాశాన్ని వదులుకోకండి. ఐఏఎస్ మీద నాకు అంత నమ్మకం లేదు. అయినా అక్కడ ఓడిపోయినంత మాత్రాన కోర్టులో ఓడినట్టు కాదు.

డెట్ కలెక్టర్ల ఉత్తరాలు వస్తున్నాయి. ఇంటికొస్తారా? 170 అంటున్నారు!

ఎర్రక్షరాల్లో వస్తాయి, వరసగా వస్తాయి. కోర్టు తీర్పు లేకుండా మీ ఇంట్లో ఒక్క వస్తువు ముట్టుకునే అధికారం వాళ్లకు లేదు. 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న పరిశ్రమ నియమావళి ప్రకారం చార్జీ 100 పౌండ్లు మించకూడదు, వసూలు ఖర్చు పేరుతో 70 దాకా కలుపుతున్నారు. కానీ చట్టం ప్రకారం కీపరు నుంచి అడగగలిగింది కీపరుకు పంపిన నోటీసులో ఉన్న మొత్తం మాత్రమే. ఈ ఉత్తరాలకు జవాబివ్వనక్కర్లేదు, దాచిపెట్టుకోండి.

"లెటర్ బిఫోర్ క్లెయిమ్" (కోర్టుకు వెళ్లే ముందు పంపే హెచ్చరిక ఉత్తరం) అని వస్తే మాత్రం తప్పక జవాబివ్వాలి. 30 రోజుల గడువు ఉంటుంది.

కోర్టు కాగితాలు వచ్చాయి. చేతులు వణుకుతున్నాయి.

ముందు క్లెయిమ్ ఫారం మీది "ఇష్యూ డేట్" చూడండి. దానికి 5 రోజులు కలిపితే మీకు అందినట్టు లెక్క. అక్కడి నుంచి 14 రోజుల్లో "అందింది, పోరాడతాను" అని ఆన్‌లైన్‌లో చెప్పాలి. అలా చెబితే డిఫెన్స్ రాయడానికి మొత్తం 28 రోజులు దొరుకుతాయి. ఈ ఒక్క గడువు తప్పిస్తే మీ వాదన ఎంత బలమైనదైనా ఎవరూ వినరు. కంపెనీ అడిగితే చాలు, విచారణ లేకుండానే తీర్పు వాళ్ల పక్షాన వచ్చేస్తుంది.

ఇది స్మాల్ క్లెయిమ్స్ కోర్టు. ఒక మామూలు గదిలో బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడతారు, చాలాసార్లు ఫోన్లోనో వీడియోలోనో కూడా జరుగుతుంది. ఓడినా లాయరు ఫీజుల కొండ మీ మీద పడదు: క్లెయిము మొత్తం, 300 పౌండ్ల లోపు క్లెయిముకు 35 పౌండ్ల కోర్టు ఫీజు, 50 పౌండ్ల లాయరు ఖర్చు, హియరింగ్ దాకా వెళ్తే దాని ఫీజు. మొండిగా, అన్యాయంగా ప్రవర్తించినవాళ్ల మీద మాత్రమే అదనపు ఖర్చులు వేస్తారు.

ఇల్లు మారాం. పాత చిరునామాకు వెళ్లిన కాగితాల మీద తీర్పు వచ్చేసింది.

మనవాళ్లకు ఎక్కువగా తగిలే దెబ్బ ఇదే. ప్రాజెక్టు మారితే ఊరు మారతాం, బ్యాంకులో, ఆఫీసులో చిరునామా మారుస్తాం, కారు వీ5సీలో (రిజిస్ట్రేషన్ పత్రంలో) మార్చడం మర్చిపోతాం. కంపెనీ డీవీఎల్‌ఏ (వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ) నుంచి 2.50 పౌండ్లకు తెచ్చుకునేది ఆ పాత చిరునామానే. వీ5సీ మార్చకపోవడానికి వేరే జరిమానా కూడా ఉంది, 1,000 పౌండ్ల దాకా. ఇవాళే చూసుకోండి, మార్చడం ఉచితం.

తీర్పు వచ్చేసి ఉంటే, నెలలోపు మొత్తం కడితే కోర్టు తీర్పుల రిజిస్టరు నుంచి పేరు తీసేస్తారు. లేకపోతే ఆరేళ్లు ఉంటుంది, హోమ్ లోన్ దగ్గర ఇబ్బంది పెడుతుంది. కాగితాలు మీకు అందనే లేదంటే తీర్పును పక్కన పెట్టమని ఎన్244 ఫారంతో అడగవచ్చు. ఆలస్యం చేయకండి, తెలిసిన రోజునే పని మొదలుపెట్టండి.

వీసా, ఐఎల్‌ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) మీద ప్రభావం ఉంటుందా?

పార్కింగ్ చార్జీ నోటీసు నేరం కాదు, దాన్ని వివాదం చేయడం మీ హక్కు. సమస్య వస్తే కట్టని కోర్టు తీర్పు వల్లే వస్తుంది. ఫారంలో సివిల్ తీర్పుల గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయాలి, దాచడమే అసలు ప్రమాదం. అందుకే ఉత్తరాలు చింపి పారేయొద్దని నేను గట్టిగా చెబుతాను.

కారుకు క్లాంప్ వేస్తారా?

ప్రైవేటు స్థలంలో, చట్టమిచ్చిన అధికారం లేకుండా క్లాంప్ వేయడం, ఈడ్చుకెళ్లడం 2012 అక్టోబరు నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో నేరం.

ఎడిన్‌బరా, గ్లాస్గోలో ఉన్నాం. మాకూ ఇవే నియమాలా?

2012 చట్టంలోని కీపరు బాధ్యత స్కాట్లండ్‌కు వర్తించదు, లీజు పద్ధతీ వేరు. అక్కడి సలహా కేంద్రాన్నే అడగండి.

ఈ కంపెనీని మా భవనం నుంచి పంపించేయగలమా?

పంపించవచ్చు, కానీ ఒక్కరి వల్ల కాదు. ముందు మెట్ల దగ్గరో వాట్సాప్ గ్రూపులోనో అడిగి చూడండి, ఎంతమందికి నోటీసులొచ్చాయో తెలిస్తే మీరే ఆశ్చర్యపోతారు. పది మంది లీజుదారులు సంతకాలతో మేనేజింగ్ ఏజెంట్‌కు రాస్తే ఆ బరువే వేరు. కనీసం సొంత స్థలాల్లో ఉన్న కార్లకు నోటీసులు ఇవ్వకుండా కాంట్రాక్టు మార్చమని అడగండి. వినకపోతే, 2002 నాటి కామన్‌హోల్డ్ అండ్ లీజ్‌హోల్డ్ రిఫార్మ్ చట్టం కింద సగం ఫ్లాట్లవాళ్లు కలిసి భవనం నిర్వహణనే తమ చేతిలోకి తీసుకునే హక్కు చాలా భవనాల్లో ఉంది. మా భవనంలో అంతదాకా వెళ్లలేదు. పద్నాలుగు సంతకాల ఉత్తరం వెళ్లాక, నంబరు వేసిన స్థలాలను ఆ కాంట్రాక్టులోంచి తీసేశారు. 27 నంబరు ముందున్న స్తంభానికి బోర్డు బిగించిన నాలుగు మేకుల కన్నాలు మాత్రం ఇంకా ఉన్నాయి.